ముక్కుపుడక, మజూరీ, ఫ్లోటింగ్ పాయింట్

ఈ టపా ఆలస్యంగా రాస్తున్నా. సిగ్గు తగ్గడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మా మామకు ప్రొద్దుటూరులో బంగారం అంగడి ఉంది. (ఆ ఊరిని రెండో బొంబాయి అనేది ఊరికే కాదు.) జమ్మలమడుగు, పులివెందులలో చిన్న కొట్లు. ఇంజినీరింగ్ చదివిన మేనల్లుడు ఉండగా బయటివాళ్ళకు డబ్బులెందుకని బిల్లింగ్ ప్రోగ్రాం నాతో రాయించాడు. గ్రాము లోపు నగలకు ప్రతి 0.1 గ్రాముకు ఒక మజూరీ రేటు. ఆ రేట్లన్నీ ఒక అర్రేలో పెట్టి, తూకాన్ని 0.1తో భాగించి, ఇంట్‌గా మార్చి, ఇండెక్స్‌గా వాడేశా. 0.2, 0.5తో టెస్ట్ చేశా. రెండూ సరిగ్గా వచ్చాయి.

కొన్ని నెలలకు పులివెందుల కొట్టులో లెక్క తక్కువ రావడం మొదలైంది. మామ రాత్రిపూట గోడ మీది పట్టీ చూసి కాగితం మీద వేసే లెక్కకూ బిల్లులకూ పొంతన లేదు. అక్కడ కూర్చునే అబ్బాయి జీతంలో కోత పడింది. "కంప్యూటర్ యాడన్నా తప్పు చేస్తాదా అబ్బీ, వాడే ఏదో చేసింటాడు" అన్నాడు మామ. నేను ఫోన్లో అవునన్నాను. అదీ నా సిగ్గు.

సెలవుకి వెళ్ళి బిల్లులు తిరగేస్తే, తక్కువ పడినవన్నీ 0.3, 0.6, 0.7 గ్రాముల ముక్కుపుడకలు. 0.3ను 0.1తో భాగిస్తే డబుల్‌లో వచ్చేది 3 కాదు, 2.9999999999999996. ఇంట్‌గా మారిస్తే 2. కింది రేటు! 0.312 లాంటి తూకాలకు ఇబ్బంది లేదు. సరిగ్గా గీత మీద కూర్చునే ప్యాకెట్ సరుకుకే ఈ తిప్పలు. ప్రొద్దుటూరులో మామే నోటిలెక్కతో సరిచేసేవాడు, జమ్మలమడుగులో అమ్మేది ఎక్కువగా పెద్ద నగలు. ఇరుక్కున్నది పులివెందుల అబ్బాయి.

కారణం మనందరం కాలేజీలో చదివి మర్చిపోయిందే. పదిలో మూడో వంతు ఎలా తెగదో, బైనరీలో పదో వంతు అలా తెగదు. అర, పావు, అరపావు, వీసం మాత్రం ఖచ్చితంగా ఇముడుతాయి, అన్నీ రెండుతో భాగిస్తూ పోతే వచ్చేవే కాబట్టి. వీసం అంటే పదహారో వంతు, అంటే మన పాత లెక్కల్లో నిజంగానే వీసమెత్తు తేడా రాదు. (పిడకల వేట: తెలుగు లిపిలో నాలుగు ఆధారంగా భిన్నాలకు వేరే గుర్తులే ఉండేవి. 2008లో యూనికోడ్‌లో చేర్చారు.) 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి దశాంశం వచ్చాక మనం కూడా 0.1 వైపుకి వచ్చేశాం.

టీమ్‌లో చెబితే ఒకడు రౌండ్ చెయ్యమన్నాడు. అప్పుడు 0.26 గ్రాములది కూడా 0.3 రేటులోకి ఎక్కుతుంది, ఈసారి కొనేవాళ్ళకు నష్టం. ఇంకొకడు భాగించాక 0.000000001 కలపమన్నాడు. పని చేస్తుంది, కానీ అది కారుతున్న కప్పు కింద బిందె పెట్టడం. నా మటుకు నేను అనేదేంటంటే, లెక్కపెట్టగలిగేదాన్ని ఫ్లోట్‌లో పెట్టడమే తప్పు. కంసాలి గురివింద గింజలు లెక్కపెట్టి తూచాడు, గింజలో ముక్క లేదు. తూకాన్ని మిల్లీగ్రాముల్లో పూర్ణాంకంగా దాస్తే 300ని 100తో భాగిస్తే 3, అంతే. త్రాసు నుంచి వచ్చే "0.300"లో చుక్క తీసేసి చదవండి, మధ్యలో డబుల్ చెయ్యొద్దు. 0.29ని 100తో గుణించినా 28.999999999999996 వస్తుంది మరి!

అర్రే ఇండెక్స్‌లో ఫ్లోట్ పెడితే సీ కంపైలర్ ఒప్పుకోదు, పైథాన్ తిడుతుంది. మనం ఇంట్ అని ఒక క్యాస్ట్ పడేసి దాని నోరు మూయిస్తాం. ఈ పదో వంతే 1991 ఫిబ్రవరి 25న ధహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి గడియారాన్ని దెబ్బతీసింది. 24 బిట్లలో కత్తిరించిన 0.1, వంద గంటలు ఆగకుండా నడిచాక 0.34 సెకన్ల తేడా, 28 మంది సైనికులు చనిపోయారు. ముక్కుపుడకతో పోల్చడం అతి అనిపిస్తే క్షమించండి, కానీ తప్పు ఒకే జాతిది.

కోసిన జీతం మామ తిరిగి ఇచ్చేశాడు. నేనిస్తానంటే ఒప్పుకోలేదు. ఆ అబ్బాయికి నేనే ఫోన్ చేసి చెప్పా, "సరేలే అన్నా" అన్నాడు. మామ మాత్రం ఇప్పటికీ రాత్రిపూట నా ప్రోగ్రాం లెక్కను కాగితం మీద మళ్ళీ వేసి చూస్తూనే ఉన్నాడు.