తొలి మెట్టు మాత్రే

సంతానలేమి చికిత్స ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో భాగం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నవంబరులో వెలువరించిన తొలి అంతర్జాతీయ మార్గదర్శకాలు కోరడం ఆహ్వానించదగిన పరిణామం. ఆ సాయం ముందుగా అందవలసింది హార్మోన్ల అసమతుల్యత వల్ల వచ్చే పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఒవేరియన్ సిండ్రోమ్)తో బాధపడుతూ బిడ్డ కోసం ఎదురుచూస్తున్న మహిళలకు. అండం సక్రమంగా విడుదల కాకపోవడమే వారిలో చాలామందికి ఉన్న చిక్కు. నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి అయిదు రోజులు వేసుకునే లెట్రొజోల్ మాత్ర దానికి తొలి మందు. అమెరికాలో 750 మందిపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో పాత మందు క్లోమిఫిన్‌తో 19.1 శాతం మంది తల్లులైతే, లెట్రొజోల్‌తో 27.5 శాతం మంది అయ్యారు. సంతానలేమికి ఈ మందు వాడరాదని 2011లో విధించిన నిషేధాన్ని మన దేశం 2017లోనే ఎత్తివేసింది. అయినా ‘విశేషమేమైనా ఉందా’ అని పెళ్లిలో, పేరంటంలో ఎదురయ్యే ప్రశ్నకు జడిసి, స్కాన్ కాగితాల సంచి పట్టుకుని, నగలు తాకట్టు పెట్టి నేరుగా ఐవీఎఫ్ కేంద్రం గడప తొక్కుతున్న జంటలు ఎన్నో. ఈ దుస్థితి మారాలంటే ఏరియా ఆస్పత్రుల్లో వారానికో రోజైనా సంతాన సాఫల్య ఓపీ నడపాలి. అండం ఎదుగుదలను చూసే స్కాన్, భర్తకు వీర్య పరీక్ష, బరువు తగ్గేందుకు సలహా, మాత్రలు అన్నీ అక్కడే ఉచితంగా అందాలి. వైద్యుల చీటీ లేకుండా మందుల దుకాణాల్లో ఈ మాత్రలు అమ్మడాన్ని కచ్చితంగా అరికట్టాలి. మాత్రలు పనిచేయని వారికి మాత్రమే ఐవీఎఫ్ సూచించాలి. అదీ ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. అమ్మ కావాలన్న ఆశ అప్పులపాలు కాకుండా కాపాడటం ప్రభుత్వాల బాధ్యత.