గళ్ళలో చిక్కిన చేపలు

క్రిందటి నెల ఈ శీర్షికలో ప్రకటించిన మీనప్రహేళికకు పాఠకమహాశయులు పంపిన పూరణలను పరిశీలించటం ముగిసినది. అడ్డం 7 దగ్గర ఒక చిత్రం జరిగినది. 'గుణవంతురాలైన చేప' అని ఆధారమిచ్చి దానికి నాలుగు గడులు కేటాయించాను. పలువురు అందులో 'రోహు' అని రెండక్షరాలు నింపి, మిగిలిన రెండు గడులను సిరాతో నల్లగా పూసి, గళ్ళు గీయటంలోనే పొరపాటున్నదని మందలిస్తూ వ్రాశారు. మరికొందరు ఇంకొంత లోతుకు దిగి 'సత్యవతి' అన్నారు.

సత్యవతి అన్నవారిని తోసివేయటానికి మనసు రాలేదు. మహాభారతంలో ఆమె చేప కడుపున పుట్టి, దాశరాజు ఇంట పెరిగి, మత్స్యగంధి అనిపించుకొన్నది. అక్షరాలు నాలుగే. మూడవది 'వ', నాలుగవది 'తి' కావటం వల్ల ఆ రెండు చోట్లా నిలువు పదాలు అభ్యంతరం చెప్పవు. అయినప్పటికీ చేపకు పుట్టిన కన్య చేప కాదు. పైగా మొదటి గడి నుండి క్రిందికి దిగే మాటకు 'ఐసుపెట్టెలో చేపకు అబ్బే గుణం' అని ఆధారమున్నది. అది శీతలత. కనుక అడ్డం 7 'శీ'తో మొదలు కాక తప్పదు. సమాధానం శీలావతి. నేడు బజారులో రోహు అని పిలుస్తున్న చేపకు కృష్ణా గోదావరి మండలాలలో తరతరాలుగా ఉన్న పేరు అదే.

చేపను ఎరిగి ఉండి చేప పేరును ఎరుగకపోవటం ఎట్లా సంభవించినదో విచారించవలసిన విషయమే. ముందుగా మిగిలిన గళ్ళ సంగతి చూద్దాము.

తెలుగు గళ్ళనుడికి ఆంగ్ల క్రాస్‌వర్డుకు లేని ఒక ప్రత్యేకత ఉన్నది. ఆర్థర్ విన్ అనే లివర్‌పూల్ వాస్తవ్యుడు 1913 డిసెంబరు 21వ తేదీన 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో మొట్టమొదటి క్రాస్‌వర్డును ప్రకటించినప్పుడు గడికి ఒక్కొక్క లిపి అక్షరం చొప్పున పెట్టాడు. మన గడిలో గుణింతంతో, ఒత్తుతో సహా నిండు అక్షరం కూర్చుంటుంది. ఆంగ్లంలో ఏడెనిమిది గడులు ఆక్రమించే మాట మన భాషలో మూడింటితో సరిపెట్టుకొంటుంది. అందువల్ల కూర్పరికి చోటు తక్కువ, చమత్కారానికి పని ఎక్కువ. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు ఈ వినోదానికి చేయి ఒగ్గటంలో ఆశ్చర్యం లేదు. ఆంగ్ల కూర్పరులు ఇరుకు గళ్ళలో ఈల్, ఐడ్, ఆర్ఫ్ వంటి పొట్టి పేర్ల చేపలను వదులుతారు. ఆధారంలో 'ఈతగాడు' అని కనబడితే చేపను వెదకాలని అక్కడి పూరకులకు అలవాటైన సంగతి. మనకు అటువంటి సంకేతాలతో అవసరం లేదు. మన చేపపేర్లలోనే శ్లేష పుట్టి ఉన్నది.

'బిచ్చగాని చేతిలోని చేప', రెండు గడులు: బొచ్చె. కట్ల అని వ్రాసినవారు గడులు సరిపోయినవని సంతోషించి ఉంటారు గాని బిచ్చగాని సంగతి మరచారు. 'పందిట మేలుకట్టు, కడలిలో మేలిచేప', మూడు గడులు: చందువ. దీని చివరి 'వ' శీలావతి మూడవ అక్షరంతో కలుస్తుంది. 'తీగకు కాయ, కడలికి కోర', రెండు గడులు: సొర. 'పండుగనాడు అక్కను కలుపుకొన్నది', నాలుగు గడులు: పండుగ, అప్ప కలిసి పండుగప్ప. ఇందులోని 'గ' నిలువున వచ్చే వాలుగకు కూడ చివరి అక్షరం. 'తలపుల సరమున దాగిన గోదావరి చేప' అన్న ఆధారంలో సమాధానం బహిరంగంగానే ఉన్నది. రెండు మాటలను కలిపి చదివితే నడుమ పులస కదలుతుంది. దీనిని కనిపెట్టినవారే అధికులు. పులసకు ఉన్న ప్రతిష్ఠ అటువంటిది. సామెత జోలికి పోను.

ఈ ప్రహేళికను కూర్చినది చేపల మధ్యనే. కలకత్తా నగరానికి ఈశాన్యాన రాజార్‌హాట్ ప్రాంతంలో వెలసిన న్యూ టౌన్‌లో నా నివాసం. గళ్ళు గీసుకొని కూర్చున్న ఒక సాయంకాలం ఎదురింటి బెంగాలీ పెద్దమనిషి వచ్చి, కాగితం వంక చూచి, "దాదా, మా రుయి ఏ గడిలో ఉన్నది?" అని అడిగారు. శీలావతిని చూపించాను. ఆయన ఒక్కొక్కటిగా తమ భాషలో పేర్లు చెప్పుకొంటూ పోయారు. పండుగప్పకు భేట్కి, వాలుగకు బోయాల్, కొరమీనుకు శోల్, మార్పు అనే చేపకు మాగుర్, ఇంగిలాయికి శింగి.

ఈ పేర్లు కొన్నింటిని ఎక్కడో విన్నట్లు తోచినది. చిన్ననాట అమరకోశం వల్లెవేసినవారు వారివర్గాన్ని జ్ఞాపకం చేసుకొనగలరు. అక్కడ రోహితం ఉన్నది, అదే రుయి. మద్గురమే మాగుర్. శకులం అరిగి శోల్ అయినది. శృంగి, శింగి సరే సరి. శృంగి మద్గురానికి ప్రియురాలని అమరసింహుడు సంబంధం కూడ కలిపాడు. బెంగాలీ వంటింట ఈ నాటికీ ఆ రెండింటినీ జంటగానే పలుకుతారు. జబ్బుపడి లేచినవారికి వాటి పలుచని పులుసు పోస్తారు. శాస్త్రజ్ఞులు రెండూ వేరు వేరు జాతులని తేల్చి ఆ దాంపత్యాన్ని రద్దు చేశారు. మన వీధిబడులలో పిల్లలు అర్థం తెలియక వల్లించిన మాటలు ఇక్కడ చేపల గంపలో ప్రాణంతో ఉన్నవి. తెలుగువాడు బెంగాలీ ప్రహేళికను పూరించటానికి అమరం చాలునేమో అనిపించినది.

మన పేర్లకు సంస్కృతంతో పని లేదు. కొరమీను, వాలుగ, ఇంగిలాయి మన నీటిలో పుట్టిన మాటలు. అటువంటి సొంత పేర్లు ఉండగా రోహు, కట్ల మన నోటికి ఎట్లా వచ్చినవి? దీనికి జవాబు న్యూ టౌన్ బజారులో దొరుకుతుంది. ఇక్కడ 'ఆంధ్రార్ రుయి' అని కేక వేసి అమ్మే చేప కొల్లేటి పరిసరాల చెరువులలో పెరిగి, ఐసు నింపిన పెట్టెలలో వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీలో ప్రయాణించి, హౌరా టోకు బజారు మీదుగా వచ్చినది. అమ్మేవాడు నేలమీద కూర్చుండి నిలువు కత్తిపీటకు దానిని ఒరిపి ముక్కలు చేస్తాడు. స్థానికమైన బ్రతికిన చేపకు ఉన్న గౌరవం దీనికి లేదు, కాని నగరపు అన్నంలోకి ఇదే ఆధారం.

ఈ పెంపకం వెనుక ఒక బెంగాలీ శాస్త్రజ్ఞుని కృషి ఉన్నది. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి చేపకు పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి గ్రుడ్లు పెట్టించటంలో కృతకృత్యులైనారు. అంతకుముందు ఈ జాతుల పిల్లల కోసం వరదకాలంలో నదుల వెంట తిరుగవలసి వచ్చేది. ఆ తరువాత విత్తనం రైతు కోరినప్పుడు దొరికినది. పెంచేది తెలుగువాడు, తినేది బెంగాలీ; కొనేవాని భాష సరుకుకు అంటుకొన్నది. చెరువు గట్టు మీద కూడ శీలావతి పోయి రోహు నిలిచినది. వ్యాపారంలో ఇది సహజమే గాని, లాభం వచ్చిన చోట పేరు పోవటం నాకు సహించరానిదిగా తోచుచున్నది.

చేపలు ఉన్న నీరు కూడ ఇరుచోట్లా ఒక్క రీతిగానే చిక్కిపోయినది. న్యూ టౌన్ వెలసిన నేల ఒకప్పుడు పొలాలు, చెరువులు. ప్రక్కనున్న సాల్ట్ లేక్ 1960 దశకంలో హుగ్లీ ఇసుకమేటతో పూడ్చిన పల్లపు భూమి. దక్షిణాన మిగిలిన తూర్పు కలకత్తా చిత్తడి నేలలలో నగరపు మురుగునీటితో నేటికీ చేపలను పెంచుతున్నారు. 12,500 హెక్టార్ల ఆ ప్రాంతం 2002 ఆగస్టు 19వ తేదీన రామ్‌సార్ అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కినది. అదే రోజున అదే జాబితాలోకి ఎక్కిన మరొక పేరు కొల్లేరు. అక్కడ సరస్సు మేర ఆక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే తెగగొట్టించవలసి వచ్చినది.

'చచ్చిన మాటలతో మమ్ములను వేధించటం ఎందుకు?' అని ఒక పాఠకుడు నిష్ఠురమాడారు. ఇవి నిఘంటువు అరల నుండి తీసిన మాటలు కావు, రేవులో విన్నవి. ఇలస, పులస అన్న రెండు పేర్లనే చూడండి. చేప ఒక్కటే. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస. వరదనాడు గోదావరిలో ప్రవేశించి ఎర్రనీటికి ఎదురీదినదా, పులస. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని ప్రయాణం ఆగుతుంది. గంగలో ఇలిష్‌కు 1975లో ఫరక్కా బారేజీ అటువంటి అడ్డే అయినది. రెండింటినీ కలిపి హిల్సా అన్నామంటే నదికి ఎదురీదిన సంగతి మాటలో నుండి జారిపోతుంది. ఆ రెండు పేర్ల మధ్య ఉన్న తేడా రుచిలోనూ ఉన్నదని గోదావరివాసులు ప్రమాణం చేస్తారు. నాకు అనుమానం లేదు.

అందరి కంటె ఎక్కువమంది ఖాళీగా వదిలినది అడ్డం 19. 'విశాఖ రేవు నుండి విశ్వశాస్త్రానికి ఎగుమతి', నాలుగు గడులు. దీనికి కొంచెం కథ ఉన్నది. రక్తపింజరికి ఆంగ్లంలో ఎవరి పేరు ఉన్నదో ఆ పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు కంపెనీ కొలువులో విశాఖపట్టణంలో ఉండగా అక్కడి చేపలను సేకరించి బొమ్మలు వేయించాడు. ఆ రెండువందల చేపల గ్రంథం 1803లో లండనులో వెలువడినది. బెస్తలు చెప్పిన తెలుగు పేర్లను ఆయన తన చెవికి తోచిన వర్ణక్రమంతో అందులో వ్రాసుకొన్నాడు. వాటిలో ఒకదానిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1816లో శాస్త్రనామంగా స్వీకరించాడు. నేడు మనవారు కానాగంత అని పిలిచే చేప ప్రపంచమంతటా శాస్త్రగ్రంథాలలో 'రాస్ట్రెల్లిగర్ కానగుర్త'. సమాధానం కానగుర్త. ఆ పేరు చెప్పిన బెస్తవాడు ఎవరో గ్రంథం చెప్పదు.

తిమింగిలం చేప కాదని, పాలిచ్చి పెంచే జంతువని, నిలువు 12ను కొట్టివేయాలని ఇద్దరు విద్యార్థులు వాదించారు. వాదం న్యాయమైనదే. కాని అమరసింహుడు దానిని చేపల వరుసలో నిలిపాడు. ఆధారంలో 'అమరుని లెక్కలో' అన్న మాట ఉన్నది గనుక ఆ గడులు అట్లాగే ఉంటవి. రొయ్యకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. బెంగాలీలు చింగ్డిని చేప అని ఎంత ముద్దుగా పిలిచినా సరే.

మీ ఊరి చెరువులో, కాలువలో, రేవులో పలికే చేప పేరు ఈ ప్రహేళికలో లేనిది ఉంటే, అది ఏ నీటిలో దొరుకునో, ఎవరు అట్లా పిలుస్తారో వ్రాసి పంపండి. రెండవ మీనప్రహేళికకు గళ్ళు గీస్తున్నాను. ఒక ఆధారం ముందుగానే ఇస్తున్నాను: 'నెత్తిన తగిలిన చేప', రెండు గడులు. రోహు కాదు.