రాజ్యం కనబడాలి: డిజిటల్ పౌరసత్వంపై ఒక ప్రణాళిక

ప్రజాస్వామ్యంలో పౌరుడంటే ప్రభుత్వ లెక్కల్లో పేరున్న వ్యక్తి మాత్రమే కాదు, ఆ లెక్కలు చూపించమని అడగగలిగిన వ్యక్తి కూడా. పాలనలో డిజిటల్ సాంకేతికతను ఎక్కడ, ఎంతవరకు వాడాలన్న ప్రతి ప్రశ్ననూ ఈ రెండో అర్థాన్ని బట్టే తేల్చాలన్నది ఈ ప్రణాళికకు కట్టుబడిన పౌర బృందం నిశ్చితాభిప్రాయం.

ఈ అభిప్రాయం సాంకేతికత మీది విముఖతతో పుట్టింది కాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు అప్పగించిన సామాజిక తనిఖీని, అంటే చేసిన పనినీ చెల్లించిన కూలినీ రికార్డులతో పోల్చి కూలీల సమక్షంలోనే నిగ్గుతేల్చే ప్రక్రియను, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఒక వ్యవస్థగా నిలబెట్టగలిగిందంటే, మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టికలు, కంప్యూటర్లోకి ఎక్కి అందరికీ అందుబాటులోకి రావడం అందుకు పెద్ద ఆసరా అయింది. గ్రామీణ యువత ఇంటింటికీ తిరిగి ఆ వివరాలను సరిచూసి, మండల స్థాయి ప్రజావేదికలో అధికారుల ఎదుటే చదివి వినిపించినప్పుడు, చనిపోయినవారి పేరునా, ఊళ్లో లేనివారి పేరునా ఎత్తిన కూలి డబ్బు బయటపడింది.

అదే ఉపాధి హామీ పథకంలో 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిస్థలాల్లో ఫోన్ యాప్ ద్వారా రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు, 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయ్యాక, నిరూపించుకోవలసిన బాధ్యత రాజ్యం నుంచి కూలీకి బదిలీ అయింది. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోయినా, జాబ్‌కార్డులోని పేరుకూ ఆధార్‌లోని పేరుకూ ఒక్క అక్షరం తేడా వచ్చినా, దాన్ని సరిచేయించుకునేందుకు తిరగవలసింది ఎండలో మట్టి తవ్విన మనిషే. ఇది అన్యాయం. యంత్రం ఒప్పుకోలేదన్న మాటను కారణంగా ఈ బృందం అంగీకరించదు. కూలి, రేషన్, పింఛను ఏది ఆపినా బాధ్యుడైన అధికారి తన పేరుతో, కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి, అప్పీలు తేలేవరకు చెల్లింపు సాగాలి.

ఓటుకు ఈ నియమం మరింత కఠినంగా వర్తించాలి. 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల రోజున తెలంగాణలో ఎందరో ఓటర్లకు తమ పేరు జాబితాలో లేదన్న సంగతి పోలింగ్ కేంద్రానికి వెళ్లాకే తెలిసింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎవరి పేరును తొలగించదగినదిగా గుర్తించినా, ఆ మనిషికి నోటీసు అందించి, అతని మాట వినకుండా ఒక్క పేరు కూడా తొలగించకూడదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. బలమైన రాజ్యం నుంచి బలహీనుడైన పౌరుణ్ని కాపాడే ఆ హక్కును అధికార యంత్రాంగానికి రక్షణగా మార్చడాన్ని ఈ బృందం గట్టిగా వ్యతిరేకిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను సవరించి, అందులో ఉన్న విస్తృత ప్రజాప్రయోజనమనే పరీక్షను తొలగించింది. మస్టర్‌లోని పేర్లు సైతం వ్యక్తిగత సమాచారమే అంటే ప్రజావేదికలో చదవడానికి ఏమీ మిగలదు. ఆ పరీక్షను చట్టంలో తిరిగి చేర్చేవరకు, తమ గ్రామసభల్లో మస్టర్లను, రేషన్ కార్డుల జాబితాలను, ఓటర్ల జాబితాలను బహిరంగంగా చదివించే పనికి ఈ బృంద సభ్యులు కట్టుబడి ఉంటారు.