చూడకుండా చెప్పు తల్లీ

చిట్టితల్లీ,

తెల్లారగట్ల లేచి పుస్తకం పట్టినా, పరీక్ష హాల్లో కూర్చునేసరికి ఏదీ గుర్తురావడం లేదని నువ్వు దిగులుపడుతున్నావట. మీ అమ్మ చెప్పింది. "నాకు జ్ఞాపకశక్తి లేదు" అని కూడా అన్నావట. ఆ మాట ఇంకెప్పుడూ అనకు బంగారూ. చదివింది మరిచిపోవడం మనిషికి సహజం. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని మూడక్షరాల ముక్కల్ని వరుసలు వరుసలుగా కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత పోతుందో తన మీద తానే పరీక్షించుకుని 1885లో పుస్తకం రాశాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయింది. మర్నాటికి మూడింట రెండు వంతులు పోయింది. పనిగట్టుకుని కూర్చున్న మనిషికే అలా అయితే, పగలంతా క్లాసులూ రాత్రి స్టడీ అవర్లూ అయ్యాక నీకు కొంత పోవడంలో వింతేముంది?

మొన్న సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు నీ జువాలజీ పుస్తకం తిరగేశాను. పేజీల నిండా పసుపుపచ్చ గీతలు. నెఫ్రాన్ పాఠం పైన నాలుగు టిక్కులు, నాలుగుసార్లు చదివావన్న గుర్తుగా. నీ కష్టం చూసి ముచ్చటేసింది, కాస్త భయమూ వేసింది. చదివిందే మళ్ళీ చదువుతుంటే అక్షరాలు తెలిసినవే కాబట్టి కళ్ళు సాఫీగా సాగిపోతాయి, "ఇది నాకు వచ్చు" అని మనసు నమ్మేస్తుంది. రోజూ బజారులో ఎదురయ్యే మనిషి ముఖం గుర్తుపడతాం, పేరడిగితే చెప్పలేం. పాఠంతోనూ అంతే. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఈ సంగతి తేల్చి చూపించారు. కొందరు కాలేజీ పిల్లల చేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు. ఇంకొందరి చేత మొదట చదివించి, ఆ తర్వాత కాగితం తీసేసి, గుర్తున్నదల్లా మూడుసార్లు రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళదే పైచేయి. వారం పోయాక అడిగితే చదివినవాళ్ళకి నూటికి 40 పాళ్ళు, చూడకుండా రాసినవాళ్ళకి 61 పాళ్ళు గుర్తున్నాయి. మాకు బాగా గుర్తుంటుందని ముందుగా ధీమాగా చెప్పింది మాత్రం మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే.

ఇది చదివినప్పుడు నాకు మన అప్పజెప్పడం గుర్తొచ్చింది తల్లీ. మా రోజుల్లో నిన్నటి పాఠం ఇవాళ అప్పజెప్పందే కొత్త పాఠం మొదలయ్యేది కాదు. ఇంటి దగ్గర పొయ్యి ముందు కూర్చున్న అమ్మకి అప్పజెప్పేవాళ్ళం. ఆమెకి అక్షరం రాదు. అయినా పిల్లవాడు ఎక్కడ నసిగాడో, ఎక్కడ మాట మింగేశాడో ఆమె చెవికి తెలిసిపోయేది. "అక్కడ మళ్ళీ చెప్పు" అనేది. ఆ నసిగిన చోటే రానిచోటు. పుస్తకం ఎదురుగా ఉన్నంతసేపూ ఆ చోటు బయటపడదు.

ఈ అప్పజెప్పడాన్ని పోగొట్టింది మా తరం ఉపాధ్యాయులమే. తప్పు చెప్పిన పిల్లవాడి అరచేయి చాపించి బెత్తంతో కొట్టాం. నేనూ కొట్టాను. అప్పజెప్పడమంటే వణుకు పుట్టేలా చేశాం. వణుకుతున్నవాడికి తెలిసింది కూడా నోటికి రాదని అప్పుడు మాకు తోచలేదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బలు నిషేధించింది, చాలా మంచిపని చేసింది. కానీ బెత్తాన్ని వదిలినప్పుడు దానితో పాటు అప్పజెప్పించుకోవడాన్నీ వదిలేశాం. అదంతా బట్టీ అని చిన్నచూపు చూశాం. బట్టీలో మాట మారకూడదు, అర్థంతో పనిలేదు. అప్పజెప్పడంలో నీ మాటల్లో చెప్పినా చాలు, పాఠంలో ఉన్న సంగతి రావాలి.

ఇలా చూడకుండా తలచుకుని చెప్పే అష్టావధానం ఎప్పుడైనా శ్రద్ధగా చూశావా? అవధాని, ప్రశ్న అడిగిన ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక పాదం చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు ధ్యాస చెదరగొడుతూనే ఉంటారు. మళ్ళీ మొదటివారి దగ్గరికి వచ్చేసరికి పాత పాదాన్ని తలచుకుని రెండోది అందుకోవాలి. అలా నాలుగు ఆవృత్తాలు. చివర్లో కాగితం లేకుండా పద్యాలన్నీ ధారణ చేస్తాడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా చేసి చూపించింది ఇదే. పుట్టుకతో వచ్చిన ప్రతిభ వాళ్ళకి లేదనను. అయితే కొంత ఎడం ఇచ్చి, మధ్యలో వేరే పనిచేసి, మళ్ళీ తలచుకోవడమనే సాధన మాత్రం ఎవరికైనా పట్టుబడుతుంది. నీకూ పట్టుబడుతుంది.

నెఫ్రాన్‌నే తీసుకో. పుస్తకం మూసి, రఫ్ నోట్సులో బొమ్మ వెయ్యి. బౌమన్ క్యాప్సూల్ దగ్గర మొదలుపెట్టి నాళిక వెంట నడువు. హెన్లీ లూప్ దగ్గర పెన్ను ఆగిపోయిందనుకో, వెంటనే పుస్తకం తెరవకు. కాసేపు గింజుకో. ఆ గింజుకోవడంలోనే పాఠం నాటుకుంటుంది. అప్పటికీ రాకపోతే తెరిచి, ఆ ముక్క ఒక్కటే చదువు. రేపొకసారి, నాలుగు రోజులు పోయాక ఇంకోసారి ఖాళీ కాగితం మీద వెయ్యి. మొదట్లో నీకేమీ రాదనిపిస్తుంది, మనసు చిన్నబుచ్చుకుంటుంది, మళ్ళీ పసుపు పెన్ను వైపే చెయ్యి పోతుంది. అప్పుడు తొందరపడి నీ తెలివిని తక్కువ చేసుకోకు. రాత్రి ఒక గంట ముందే పడుకో, నిద్రలో చదువు కుదురుకుంటుంది.

చదువులమ్మ నిన్ను చల్లగా చూడాలి. ర్యాంకు ఎంతొచ్చినా నువ్వు మా ఇంటి దీపానివే. దసరా సెలవులకి వచ్చినప్పుడు నీకిష్టమైన పాఠం ఒకటి నాకు అప్పజెప్పు. ఎన్ని తప్పులు పోయినా చివరిదాకా వింటాను. హాస్టల్లో నీ పక్క మంచం అమ్మాయికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు, రోజూ ఒకరికొకరు అప్పజెప్పుకోండి.

నీ తాతయ్య