2 ఇంచుల లిఫ్ట్ సరే, షాక్ పొడవు కొలిచారా?

ఫోన్ డబ్బా మీద 200 మెగాపిక్సెల్ అని రాసుంటే ఫొటో బాగొస్తుందని మనలో ఎవరూ నమ్మరు. సెన్సర్ సైజెంత, స్టెబిలైజేషన్ ఉందా, రాత్రిపూట ఎలా తీస్తుంది అని పది ప్రశ్నలేస్తాం. అదే మనిషి ఒక ఫోర్ బై ఫోర్ కొని లిఫ్ట్ కిట్ దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. "బ్రో, ఎన్ని ఇంచులు?"

నేనూ అదే అడిగాను. 2 ఇంచులన్నారు. సరే వేసేయమన్నాను.

నాది కర్నూలు జిల్లా కోసిగి. ఉద్యోగం బెంగళూరులో, కోడ్ రాసే పని. 2023 జూన్‌లో జిమ్నీ మన దేశంలో విడుదలైనప్పటి నుంచి దాని మీద కన్నుండేది. చివరికి లోన్ పెట్టి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. బండి బాగానే ఉంది, కానీ ఫొటోల్లో కనిపించే ఎత్తు లేదనిపించింది. పొడవు స్ప్రింగులు, పొడవు షాక్‌లు కలిపి కిట్ వేయించా. ఎక్కడ వేయించానన్నది వదిలేయండి. వాళ్లు కొలవలేదు, నేనూ కొలవమని అడగలేదు.

శ్రావణంలో ఊరికొచ్చి అమ్మని ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకెళ్లా. వచ్చేటప్పుడు హీరోయిజం చూపిద్దామని తారు రోడ్డు వదిలి చేలదారి పట్టా. వంక దాటుతుంటే ముందు ఎడమ చక్రం గుంతలోకి పూర్తిగా జారింది. బండి ఊగింది, ఎక్కేసింది, అమ్మ దేవుణ్ని తలుచుకుంది. ఇంటి దగ్గరికొచ్చాక బ్రేక్ పెడల్ కొంచెం మెత్తగా అనిపించింది. కింద చూస్తే చక్రం లోపలి వైపు తడి.

ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లా. బండి కింద పడుకొని టార్చ్ కొట్టి చూశాడు. బ్రేక్ హోస్ సాగి, చివర బిగింపు దగ్గర ఆయిల్ కారుతోంది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ ఒక్కటే అడిగాడు.

"ఏమప్పా, షాకబ్జర్ ఎంతకు తెరుసుకుంటాదో, ఎంతకు మూసుకుంటాదో కొలిసినావా?"

లేదన్నా.

"మరి ఏం సూసి ఏసినావు?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నా.

షాక్‌కి ఒక పొడవు కాదు, రెండు

షాక్‌ని "ఇంత పొడవు" అని అనలేం. పూర్తిగా మూసుకున్నప్పుడు ఒక పొడవు, పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఇంకో పొడవు. రెంటి మధ్య తేడానే ట్రావెల్. బండి మామూలుగా నిలబడినప్పుడు షాక్ ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. గుంతలో చక్రం దిగితే తెరుచుకుంటుంది, బండ ఎక్కితే మూసుకుంటుంది.

ఎక్కువ తెరుచుకునే షాక్ కావాలంటే లోపలి రాడ్డు పొడవుండాలి. ఆ రాడ్డు దూరడానికి బయటి గొట్టం కూడా పొడవుండాలి. అంటే పొడవు షాక్ మూసుకున్నప్పుడు కూడా పొడవుగానే ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పనిదీ, మనం అడగనిదీ ఇదే.

లెక్క సులువుగా ఉండే అంకెలతో చూద్దాం. ఇవి జిమ్నీ అసలు కొలతలు కావు, ఉదాహరణ మాత్రమే.

కంపెనీ షాక్ మూసుకుంటే 350 మి.మీ., తెరుచుకుంటే 560. బండి నిలబడినప్పుడు 450. యాక్సిల్ పైకెళ్లి బంప్ స్టాప్ రబ్బరు పూర్తిగా నలిగినప్పుడు షాక్ పొడవు 360. అంటే షాక్ అడుగు తగలడానికి ఇంకా 10 మి.మీ. ఉండగానే రబ్బరు దెబ్బ కాస్తుంది. పైకి 90, కిందికి 110 మి.మీ. కదలిక.

ఇప్పుడు షాక్ దగ్గర 50 మి.మీ. ఎత్తు పెరిగిందనుకోండి. నిలబడిన పొడవు 500.

పాత షాకే ఉంచితే కిందికి మిగిలేది 60 మాత్రమే. చిన్న గుంతకే చక్రం గాల్లో వేలాడుతుంది. ఎత్తు పెరిగింది, పట్టు తగ్గింది.

తెరిస్తే 610, మూస్తే 375 ఉండే పొడవు షాక్ వేస్తే కిందికి మళ్లీ 110 వస్తుంది. బాగుందనిపిస్తుంది. కానీ రబ్బరు 360 దగ్గర కదా పూర్తిగా నలిగేది? షాక్ 375 దగ్గరే అయిపోయింది. 15 మి.మీ. ముందే బండి బరువంతా షాక్ లోపల ఇనుము మీద ఇనుముగా పడుతుంది. లోపలి వాల్వ్ పగలొచ్చు, రాడ్డు వంగొచ్చు, షాక్ బిగించిన బ్రాకెట్టే ఊడొచ్చు.

మందు సింపుల్. బంప్ స్టాప్‌ని 25 మి.మీ. కిందికి దించాలి. అప్పుడు షాక్ 385 దగ్గర ఆగుతుంది, 10 మి.మీ. రక్షణ మళ్లీ వస్తుంది. పైకి 115, కిందికి 110. కంపెనీ ఇచ్చినదానికన్నా మెరుగే. ఒక ఇనుప స్పేసర్ ముక్క చేసే పని ఇది. నా కిట్‌లో ఆ ముక్క లేదు.

కిందికి ఎంత దిగాలో షాక్ ఒక్కటే నిర్ణయించకూడదు

నా హోస్ సాగింది రెండో వైపు తప్పు వల్ల. జిమ్నీలో ముందూ వెనకా గట్టి యాక్సిలే, కాయిల్ స్ప్రింగ్ వేరు, షాక్ వేరు. చక్రం కిందికి దిగుతుంటే చివరికి ఆపేది షాకే. నేను వేసిన షాక్ ఎక్కువ దూరం తెరుచుకుంది. బ్రేక్ హోస్ మాత్రం కంపెనీ పొడవే. షాక్ ఆపేలోపు హోస్ ఆపింది.

హోస్ ఒక్కటే కాదు. ఏబీఎస్ సెన్సర్ వైరుంది, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల కోణముంది. మరీ కిందికి దిగితే స్ప్రింగ్ తన గిన్నెలోంచి వదులై పక్కకి జరగొచ్చు. వీటిలో ఏది ముందు బిగుసుకుంటుందో దానికన్నా ముందే షాక్ ఆగాలి. లేదంటే హోస్ మార్చాలి, లేదా యాక్సిల్‌కి లిమిట్ స్ట్రాప్ కట్టాలి.

కొలవడం ఎలా

మా ఊరి మెకానిక్ చేసింది ఇదే. చదును నేల మీద చాసిస్‌కి గట్టి స్టాండ్లు పెట్టాడు. స్ప్రింగులు, షాక్‌లు తీశాడు. జాకీతో యాక్సిల్‌ని బంప్ స్టాప్ నలిగేదాకా లేపి, షాక్ పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా టేపుతో కొలిచాడు. తర్వాత మెల్లగా దించుతూ ఏది ముందు బిగుసుకుంటుందో చూసి, అక్కడ మళ్లీ కొలిచాడు. చివరిగా ఒక చక్రం పైకి, రెండోది కిందికి పెట్టి అడ్డంగా కూడా చూశాడు. టైరు ఫెండర్‌కి తగిలేది ఆ పొజిషన్‌లోనే.

రెండు జాగ్రత్తలు. స్ప్రింగ్ తీయడం అలవాటు లేనివాళ్లు ఇంట్లో చేయొద్దు, అందులో దాగిన శక్తి చెయ్యి విరిచేస్తుంది. ఇంకోటి, షాక్ నిటారుగా ఉండదు, వాలుగా ఉంటుంది. బండి 50 మి.మీ. లేస్తే షాక్ దగ్గర సరిగ్గా అంతే మారదు. అందుకే లిఫ్ట్ అంకెని కూడేసి షాక్ ఆర్డర్ పెట్టకండి, బోల్టు నుంచి బోల్టుకి కొలవండి.

థార్ వాళ్లకి ఒక మాట. 2020లో వచ్చిన థార్‌లో ముందు డబుల్ విష్‌బోన్, షాక్ చుట్టూనే స్ప్రింగ్. దాని పైన స్పేసర్ పెడితే మొత్తం యూనిట్ కిందికి జరుగుతుంది, చక్రం కంపెనీ అనుకున్నదానికన్నా కిందికి దిగుతుంది. ఆ భారం యాక్సిల్ జాయింట్ల మీద, బాల్ జాయింట్ల మీద పడుతుంది. చవకని స్పేసర్ వేసే ముందు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఆ జాయింట్ల కోణం చూడమనండి.

అసలు మనకి ఎంత లిఫ్ట్ కావాలి?

నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. మా వైపు చాలా బండ్లకి లిఫ్టే అక్కర్లేదు. జిమ్నీ గ్రౌండ్ క్లియరెన్స్ 210 మి.మీ., థార్‌ది 226. కోసిగి చుట్టూ ఉన్నది నల్లరేగడి, గులకరాళ్ల దారులు, వంకలు. వానపడ్డ రేగడిలో బండి ఆగేది ఎత్తు చాలక కాదు, టైరు గాళ్లలో మట్టి అతుక్కుపోయి. అక్కడ పనికొచ్చేది మంచి టైరు, సరైన గాలి. ఎండాకాలం గతుకుల దారిలో గంట పోతే కావాల్సింది వేడెక్కినా పట్టు వదలని షాక్, పొడుగాటి షాక్ కాదు.

ఎత్తు పెంచితే ఇంకొన్ని పోతాయి. బండి బరువు కేంద్రం పైకెళ్తుంది, మలుపులో ఎక్కువ ఒరుగుతుంది. గట్టి యాక్సిల్ బండ్లలో స్టీరింగ్ కోణాలు మారి హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతుంది. చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు కుదరవని చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున ఇది గుర్తొస్తే లాభం లేదు.

అయినా వేస్తానంటారా? వేయండి, నేనూ మనిషినే. కానీ డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మూసుకున్న పొడవెంత? తెరుచుకున్న పొడవెంత? బంప్ స్టాప్ ఎంత దించాలి? ఆ పొడవుకి బ్రేక్ హోస్ చాలుతుందా? జవాబులు మి.మీ.లలో రాకపోతే ఆ కిట్ వదిలేయండి. బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ అంటే "చాలా ఎక్కువ సార్" అనేవాడి దగ్గర మనం ఫోన్ కొనం కదా.

నా బండికి ఇప్పుడు పొడవు హోస్‌లు, బంప్ స్టాప్ కింద స్పేసర్లు ఉన్నాయి. వాటికైన ఖర్చు కిట్‌తో పోలిస్తే చాలా తక్కువ. హోస్ ఆ వంకలోనే పూర్తిగా తెగి, బ్రేక్ పోయింది తారు రోడ్డెక్కాక తెలిసుంటే? పక్క సీట్లో అమ్మ ఉంది. ఈ లెక్క మాత్రం ఏ టేపుతోనూ కొలవలేను.