పండుగకు విజ్ఞానం పూచీకత్తా?

డిసెంబరు నెల రాగానే పత్రికల్లో ఒక తరహా వ్యాసాలు తలెత్తుతాయి. బెత్లెహేము తార ఏ గ్రహాల కలయికో, సాంటాక్లాజ్ బండికి ఎంత వేగం కావాలో, మంచులో కూడా ఆ చెట్టు పచ్చగా ఎందుకుంటుందో వివరిస్తాయి. వీటన్నిటికీ కలిపి "క్రిస్మస్ ఆచారాల వెనుక విజ్ఞానం" అని పేరు. నెల తిరక్కముందే అవే కలాలు భోగిమంట వెనుకా, గొబ్బెమ్మ వెనుకా విజ్ఞానాన్ని తవ్వి తీస్తాయి.

ఇందులో తప్పేముంది, ప్రజలకు విజ్ఞానం పట్ల ఆసక్తి కలుగుతున్నది గదా అని మిత్రులు కొందరు అంటున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. భోగిమంట క్రిములను చంపుతుందని తరగతిలో చెప్పాను కూడా. "ఏ క్రిములు మాస్టారూ?" అని ఒక విద్యార్థి లేచి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నాటినుంచి ఆ "వెనుక" అన్న మాట మీద నాకు అనుమానం పట్టుకున్నది.

చెట్టు పచ్చదనానికి కారణం వెతకడం విజ్ఞానమే. ఆ కారణాన్ని ఆచారానికి సమర్థనగా చూపడం గారడీ.

పండుగ తేదీనే తీసుకుందాం. సువార్తల్లో ఏసు పుట్టిన తేదీ లేదు. డిసెంబరు 25న క్రిస్మస్ జరిపినట్టు మనకు దొరికే తొలి ఆధారం క్రీ.శ. 336 నాటి రోము నగరానిది. రోమన్లు ఆ రోజునే ఉత్తరాయణారంభంగా లెక్కించేవారు. సూర్యుని పండుగ మీద చర్చి తన పండుగను నిలిపిందని కొందరు పండితులు, మార్చి 25కు తొమ్మిది నెలలు కూడి తేదీ తేల్చారని మరికొందరు వాదిస్తున్నారు. ఏ వాదం నెగ్గినా, ఆ తేదీని నిర్ణయించినవి మనుషుల అవసరాలూ వారి సంస్థలూ అన్నదే తేలుతుంది.

తర్వాత జరిగింది మరీ విచిత్రం. జూలియన్ సంవత్సరం అసలు సౌర సంవత్సరం కంటె సుమారు 11 నిమిషాలు పెద్దది. ఆ నిమిషాలే శతాబ్దాలుగా పోగుపడి, 1582లో పోపు గ్రెగరీ 10 రోజులు కొట్టివేయవలసి వచ్చింది. రష్యన్ చర్చి ఆ సవరణను ఒప్పుకోలేదు. అక్కడ క్రిస్మస్ నేటికీ జనవరి 7నే. ఒకే జన్మదినానికి రెండు తేదీలు! వీటిలో దేని వెనుక విజ్ఞానం ఉన్నదట?

నవ్వుకోవడం సులభం. ఎదుటివారి పండుగ గదా! మన ఇంటికి వద్దాం. మన పంచాంగాలు పాటించే నక్షత్ర సంవత్సరం రుతువుల సంవత్సరం కంటె సుమారు 20 నిమిషాలు పెద్దది. ఫలితంగా ఉత్తరాయణం డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలవుతుండగా, ఆ పుణ్యకాలాన్ని మనం జనవరి 14, 15 తేదీల్లో పాటిస్తున్నాం. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఈ తప్పును లెక్కగట్టి చూపింది. 1957లో జాతీయ పంచాంగం వచ్చింది. ఆ తేదీ గెజెట్టుకు ఎక్కింది గాని పంచాంగకర్త కదల్లేదు. ఇక ఆచారం వెనుక విజ్ఞానం ఎక్కడున్నది? అది ఎప్పుడో ముందుకు వెళ్ళిపోయింది!

ఈ రాతల వల్ల మేలు ఎవరికి? తనంతట తాను నిలబడలేని విశ్వాసానికి ప్రయోగశాల పూచీకత్తు దొరుకుతున్నది. నేడు భోగిమంటకు దొరికిన పూచీ రేపు మడికీ మైలకూ దొరుకుతుంది. అంటరానితనాన్ని పరిశుభ్రత పేరుతో సమర్థించిన పెద్దమనుషులను మనం ఎరుగుదుము.

పండుగలు మానుకొమ్మని నేననడం లేదు. పంట ఇంటికి చేరిన రైతు సంబరానికి, ఏడాదికొకసారి పిల్లలంతా ఒకచోట చేరిన క్రైస్తవ కుటుంబం సంతోషానికి ఎవరి పూచీకత్తూ అక్కర్లేదు.

క్రిస్మస్‌తో విజ్ఞానానికి నిజమైన చుట్టరికం ఒకటున్నది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825లో ఆ సెలవుల్లో పిల్లల కోసం ఉపన్యాసాలు ప్రారంభించింది. కమ్మరి కొడుకు, పుస్తకాల బైండింగు పని నేర్చి బ్రతుకు మొదలుపెట్టిన మైకేల్ ఫారడే 1860 చివర అక్కడ ఒక కొవ్వొత్తి వెలిగించాడు. అతడు గాఢమైన విశ్వాసి. అయినా కొవ్వొత్తి పవిత్రత జోలికి పోలేదు. కాలిన మైనం ఎక్కడికి పోతున్నదని అడిగాడు. అది నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా మారడాన్ని పిల్లల కళ్ళ ముందే చూపించాడు.

నా విద్యార్థి అడిగినదీ ఆ జాతి ప్రశ్నే. ఈసారి భోగిమంట దగ్గర మన పిల్లల చేత దాన్ని మళ్ళీ అడిగిద్దాం. జవాబు తెలియకపోతే తెలియదని ఒప్పుకుందాం. విజ్ఞానం అక్కడే మొదలవుతుంది.