ఉరుము సరే... మాటేదీ?

మొన్న గోరంట్లలో ఓ మిత్రుడింట్లో సినిమా చూశాను. పదడుగుల గది. ముందు స్పీకర్లు బెంగుళూరు సెకండ్‌హ్యాండ్ సరుకు, మధ్యది వేరే కంపెనీది, వెనకవి పాత మ్యూజిక్ సిస్టమ్‌వి, మూలన సబ్‌వూఫర్. అచ్చం కలగూరగంప! కప్పు లేచిపోయే మోత.

మిత్రుడి నాన్నగారు ఒకప్పుడు టూరింగ్ టాకీసులో ఆపరేటరు. "ఉరుములు మనూర్లో శానా జూసినాం నాయనా, వాన యాడుంది? మాట ఇనపడాల!" అన్నారు.

నిజమే కదా! వెంటనే పనిలో దిగాం. రిసీవర్‌లోని టెస్ట్ టోన్ పెట్టి, పెద్దాయన కుర్చీ దగ్గర ఫోన్ మీటరులో ఒక్కో స్పీకరూ 75 డెసిబెల్స్ చూపేలా సరిచేశాం. ఫోన్ లెక్క కాస్త అటూ ఇటూ అయినా, అన్నీ సమానమైతే చాలు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే పోతుంది. అందుకని దూరాలు టేపుతో కొలిచి రిసీవర్‌కు చెప్పాం. మూలలో బేస్ ఉబ్బుతుంది గనుక సబ్‌వూఫర్‌ని ఇవతలికి జరిపి, 80 హెర్ట్జ్ దిగువ మోత దానికే వదిలాం. బోసిగోడకు బొంత వేలాడదీశాం.

ఖర్చు? సున్నా! స్పీకర్ల గొంతులు ఒక్కటి కాలేదు గానీ, ఒకటి మరోదాన్ని మింగడం మానేసింది. మళ్లీ అదే సినిమా వేశాం. పెద్దాయన ఈసారి "ఏమన్నాడు?" అని ఒక్కసారీ అడగలేదు.

ఇంతకీ మీ ఇంట్లో మోతేనా... మాట కూడానా?